సీసాలో పడింది సరే, వాల్వుకి అంటింది ఎంత?

ఆయిల్ క్యాచ్ క్యాన్ అమ్మేవాళ్లకి ప్రకటనలు అక్కర్లేదు. బిగించుకున్నవాడే ఆ పని చేసిపెడతాడు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక డబ్బా విప్పి, అడుగున పేరుకున్న కాఫీరంగు ద్రవాన్ని గాజుగ్లాసులోకి వంచి ఫొటో తీస్తాడు. "ఇదంతా నా ఇంజిన్‌లోకి పోవాల్సింది" అంటాడు. చూసినవాళ్లకి కడుపులో తిప్పుతుంది. మర్నాడు వాళ్లూ ఒకటి ఆర్డరు పెడతారు. కారు సామాన్ల వ్యాపారంలో ఇంతగా నమ్మించే సాక్ష్యం ఇంకోటి లేదేమో. ఇంత బలహీనమైనదీ లేదు. డబ్బా ఎంత పట్టిందో ఆ గ్లాసు చెబుతుంది. పట్టకపోయుంటే ఇంజిన్ ఎంత మురికయ్యేదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

టర్బో పెట్రోలు కార్లు మన రోడ్ల మీద పెరిగాక ఈ డబ్బా గురించి అడిగేవాళ్లూ పెరిగారు. జవాబులు మాత్రం రెండే రకాలుగా వినిపిస్తాయి: అది లేకపోతే ఇంజిన్ పాడైపోతుందని ఒకటి, అంతా మోసమని ఇంకోటి. నా లెక్క ముందే చెప్పేస్తాను. మన దగ్గర తిరిగే పెట్రోలు కార్లలో చాలావాటికి ఇది అనవసరం. నేరుగా సిలిండర్లోకి పెట్రోలు కొట్టే ఇంజిన్లకి కొంత మేలు చేయవచ్చు గానీ వాల్వుల్ని శుభ్రంగా ఉంచుతుందని హామీ ఇవ్వలేం. డీజిల్‌లో దీని వాదం అన్నిటికంటే బలంగా ఉంది. విచిత్రమేమంటే మనవాళ్లు ఎక్కువగా అడిగేది పెట్రోలు కార్లకే.

పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, సిలిండర్లో ఇంధనం మండిన ప్రతిసారీ కొంత వాయువు వాటి సందుల్లోంచి కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. మన మెకానిక్కులు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. బండి స్టార్టులో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, అరచెయ్యి అడ్డం పెట్టి, పొగ ఎంత ఊపుగా కొడుతోందో చూసి "రింగులు పోయాయి సార్, బోరుకొచ్చింది" అని తేల్చేస్తారు. కొత్త ఇంజిన్లోనూ ఇది ఉంటుంది, తక్కువగా. ఆ వాయువులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి, మసి, ఆమ్లాలకి దారితీసే నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. కింద క్రాంకు చిమ్మే ఆయిల్ తుంపరని కూడా అది వెంటేసుకుంటుంది. దానికి బయటికి దారి చూపకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నేస్తాయి, నీరూ ఆమ్లాలూ ఆయిల్‌లో కలిసి మడ్డి కడుతుంది.

పూర్వం ఆ దారి నేరుగా రోడ్డు మీదికే ఉండేది. పాత లారీల కింద వేలాడుతూ చుక్కలు కార్చే బ్రీదర్ పైపు చూడనివాళ్లు ఉండరు. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ నడిపినవాళ్లకైతే క్యాచ్ క్యాన్ కొత్తేమీ కాదు. ముందు బ్రీదర్ గొట్టం కొసన బాతుముక్కులాంటి రబ్బరు ఉండి, అందులోంచి పడే ఆయిల్ చైనుని తడిపేది. తర్వాతి బళ్లకి కంపెనీయే ఒక చిన్న నల్ల డబ్బా తగిలించింది. దాన్ని పీకేసి మళ్లీ బాతుముక్కు పెట్టుకున్న బుల్లెట్ భక్తులు మనలో తక్కువేం కాదు.

కార్లలో ఈ గొట్టం మూతపడటానికి కారణం లాస్ ఏంజిల్స్ పొగమంచు. కాల్టెక్‌లో పనిచేసిన ఆరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో ఆ పొగ గుట్టు విప్పాడు. కాలని హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి దాన్ని తయారుచేస్తున్నాయని చూపించాడు. ఏ అదుపూ లేని కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదో వంతు క్రాంక్‌కేస్ నుంచే వస్తోందని తర్వాత తేలింది. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1963 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లకి పీసీవీ వాల్వు వచ్చింది. అంటే క్రాంక్‌కేస్ వాయువుని ఇంజిన్ తనే పీల్చుకుని మళ్లీ కాల్చేయాలి. గాలి బాగుపడింది, మడ్డి తగ్గి ఇంజిన్ అడుగు కూడా బాగుపడింది. కాకపోతే రోడ్డు మీద పడాల్సిన మురికి అప్పట్నుంచి ఇంజిన్ నోట్లో పడుతోంది. క్యాచ్ క్యాన్ ఆ దారి మధ్యలో కూర్చుని, ఇంజిన్ నోట్లోకి పోయే ఆయిల్ని పట్టి ఆపాలని చూస్తుంది. ఇవాళ్టి క్యాచ్ క్యాన్ వాదమంతా ఈ ఏర్పాటు మీద ఫిర్యాదే.

ఇక్కడో పక్క విషయం. ఈ డబ్బా ఇంజిన్ శుభ్రత కోసం పుట్టింది కాదు. రేసుల్లో ఇంజిన్ కక్కిన ఆయిల్ ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడు జారిపోతాడు. అందుకే మోటారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ నియమాల్లో బ్రీదర్‌కి డబ్బా తప్పనిసరి చేశారు: 2000 సీసీ వరకు కనీసం 2 లీటర్లది, ఆపైన 3 లీటర్లది. రేసు కారు గంటసేపు ఎర్రగీత దగ్గర తిరుగుతుంది, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఎగసి బ్రీదర్లోకి ఎక్కేస్తుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ కారుకి ఆ బాధలేవీ లేవు. రేసు బండికి ఉంది కాబట్టి మన బండికీ మంచిదే అన్న వాదన ఇక్కడితో వీగిపోయింది.

ఇప్పుడు అసలు తేడా దగ్గరికొద్దాం. ఎంపీఎఫ్‌ఐ అని పిలుచుకునే మామూలు ఇంజిన్లో పెట్రోలు ఇన్‌లెట్ వాల్వు వెనక పడుతుంది. పెట్రోలు మంచి ద్రావణి, పైగా అందులో డిటర్జెంట్లు కలుపుతారు. పీసీవీ దారిన వచ్చిన జిడ్డు వాల్వు మీద కూర్చోబోతే ఈ జల్లు కడిగేస్తూ ఉంటుంది. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, పాత శాంత్రో, ఐ10 అన్నీ ఈ కోవవే. టర్బో ఉన్నంత మాత్రాన కథ మారదు: టాటా నెక్సాన్ 1.2 టర్బో పెట్రోలు కూడా ఎంపీఎఫ్‌ఐయే. ఈ కార్లకి క్యాచ్ క్యాన్ పెట్టుకోవడం వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో కళ్లాపి చల్లడం లాంటిది.

నేరుగా సిలిండర్లోకి కొట్టే పద్ధతి పాతదే. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో ఉంది. ఆధునిక రూపంలో దాన్ని మామూలు మార్కెట్‌కి తెచ్చింది 1996లో మిత్సుబిషి. 2000 దాటాక ఫోక్స్‌వ్యాగన్, ఆడి, బీఎండబ్ల్యూ అందుకున్నాయి. మైలేజీ పెరిగింది, శక్తి పెరిగింది, ఇన్‌లెట్ వాల్వుకి మాత్రం స్నానం లేకుండా పోయింది. కొన్ని ఇంజిన్లలో వాల్వు మెడ చుట్టూ బొగ్గు గడ్డకట్టి, గాలి దారి ఇరుకై, చల్లటి స్టార్టులో మిస్‌ఫైర్లు, ఐడిలింగ్‌లో వణుకు మొదలయ్యాయి. మన దగ్గర ఈ జాతివి ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల టీఎస్ఐలు, హ్యుందాయ్, కియాల టర్బో జీడీఐలు, మారుతి బూస్టర్‌జెట్, మహీంద్రా ఎమ్‌స్టాలియన్ టీజీడీఐలు, టాటా కర్వ్‌లో వచ్చిన హైపీరియన్. ప్రశ్న వీళ్లది.

బంకులో ఎక్స్‌పీ95, స్పీడ్ లాంటివి కొట్టించే అలవాటున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వాటిలోని డిటర్జెంట్ ఇంజెక్టర్ మూతికి ఉపయోగం. నేరుగా కొట్టే ఇంజిన్లో అది ఇన్‌లెట్ వాల్వు వెనక్కి వెళ్లే దారే లేదు.

వాల్వు మీది బొగ్గుకి ముడిసరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? క్యాచ్ క్యాన్ పక్షం దగ్గర ఒకే జవాబు ఉంది: పీసీవీ నుంచి. నిజానికి దారులు ఇంకా ఉన్నాయి. వాల్వు కాడ గైడులో పైకీ కిందికీ ఆడాలంటే దానికి తడి కావాలి. సీలు ఎంత బాగున్నా పల్చటి ఆయిల్ పొర దిగుతూనే ఉంటుంది. దిగేది సరిగ్గా బొగ్గు కట్టే మెడ మీదికే. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే క్షణంలో కాలిన వాయువు వెనక్కి తన్ని, మసినీ వేడినీ తెస్తుంది. కాలిన వాయువుని కొంత మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ ఉన్న ఇంజిన్లో ఇంకో మసి దారి. టర్బో కంప్రెసర్ సీలు అరిగితే ఆయిల్‌కి మరో దారి. ఇవన్నీ వేడి లోహం మీద కలిసి, వేగి, పొరమీద పొరగా గట్టిపడతాయి. క్యాచ్ క్యాన్ మూయగలిగేది వీటిలో ఒక్క దారినే. అది ప్రధాన దారా కాదా అన్నది ఇంజిన్ని బట్టి, దాని వయసుని బట్టి మారుతుంది.

దీనికి టొయోటా తెలియకుండానే ఒక పరీక్ష చేసిపెట్టింది. దాని లెక్సస్ బ్రాండులో 2006 మోడల్ ఐఎస్ కారు రెండు వీ6 ఇంజిన్లతో వచ్చింది, రెండూ ఒకే కుటుంబానివి. ఐఎస్ 250లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొట్టేవారు. ఐఎస్ 350లో దానికి తోడు వాల్వు వెనక కూడా మామూలు ఇంజెక్టర్లు పెట్టారు, ఆ ఏర్పాటు పేరు డీ-4ఎస్. బొగ్గు ఫిర్యాదులు వచ్చిపడింది మొదటిదానికి. రెండోదానిలో ఆ గొడవ దాదాపు వినపడలేదు. రెండు ఇంజిన్ల సైజు, వాడకం తేడా ఉన్నాయి కాబట్టి దీన్ని ప్రయోగశాల పోలిక అనలేం. అయినా వచ్చే మురికి తగ్గించడం కంటే వచ్చినదాన్ని కడగడం ఎక్కువ పనిచేస్తుందని దీని బట్టి తెలుస్తుంది. కంపెనీలు ఆ దారే పట్టాయి: ఫోర్డ్ ఎఫ్-150 ఇంజిన్లలో 2017, 2018 ప్రాంతాల్లో రెండు రకాల ఇంజెక్టర్లూ వచ్చాయి, ఆడి యూరప్‌లో ముందే మొదలుపెట్టింది. కాలుష్యం, మైలేజీ కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయనుకోండి. వాల్వు శుభ్రత దాంతోపాటు దొరికింది.

ఇప్పుడు గ్లాసులోది చూద్దాం. ఆ కాఫీరంగు ద్రవాన్ని కదపకుండా ఉంచితే పొరలుగా విడిపోతుంది. నీరు ఉంటుంది, పెట్రోలు వాసన కొడుతుంది, మిగిలింది ఆయిల్. నీరూ పెట్రోలూ వాల్వు మీద బొగ్గు కట్టవు, సిలిండర్లోకి వెళ్తే ఆవిరై పోతాయి. కాబట్టి గ్లాసు నిండుగా ఉందంటే ఇంజిన్ చల్లగా, చిన్న చిన్న దూరాలకి తిరుగుతోందని ఎక్కువగా అర్థం. కెనడా నుంచో మిషిగన్ నుంచో వచ్చిన ఫొటోల్లో సీసాలు నిండిపోవడానికి సగం కారణం అక్కడి చలి. చల్లటి డబ్బాకి తగిలి ఆవిరి నీరవుతుంది. విజయవాడ మే నెలలో బానెట్ కింద ఉన్న డబ్బా అంత చల్లబడదు, అందుకే అంత పట్టదు. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున పిల్లల్ని స్కూల్లో దించి వచ్చే కారు డబ్బాలో తెల్లటి నురగ కాస్త కనబడితే కంగారు పడక్కర్లేదు.

ఒక ఊహాలెక్క వేద్దాం. 5000 కిలోమీటర్లకి డబ్బాలో 100 మిల్లీలీటర్లు పడ్డాయనుకుందాం, అందులో సగమే ఆయిల్ అనుకుందాం. వెయ్యికి 10 మిల్లీలీటర్లు. ఆ ఇంజిన్ మొత్తం మీద వెయ్యి కిలోమీటర్లకి 100 మిల్లీలీటర్లు ఆయిల్ తాగుతోందనుకుంటే, డబ్బా ఆపింది పదో వంతు. వెయ్యికి అర లీటరు దాకా తాగినా మామూలేనని రాసే యూరప్ మాన్యువల్స్ ఉన్నాయి కాబట్టి, 100 అన్నది పెద్ద అంకె కాదు. అయితే ఇక్కడ అవతలి పక్షానికీ న్యాయం చేయాలి. రింగుల దగ్గర పోయే ఆయిల్ ఇన్‌లెట్ వాల్వుని చూడనే చూడదు, తిన్నగా సైలెన్సర్లోకి పోతుంది. పీసీవీ ఆయిల్ మాత్రం మొత్తం ఆ వాల్వుల మీదుగానే వెళ్తుంది. పదో వంతే అయినా అది చేరేది సరైన చోటికే. ఇంతదాకా వాళ్ల వాదన నిలుస్తుంది. తర్వాత కాడ వెంట దిగే ఆయిల్ వచ్చి మళ్లీ తూకం మారుస్తుంది.

ఈ చిక్కు తీరాలంటే ఒకేలాంటి కార్లు చాలా కావాలి. ఒకే ఆయిల్, ఒకే రూటు, సగం కార్లకి డబ్బా, సగానికి లేదు. 50,000 కిలోమీటర్లకి, లక్షకి వాల్వులు విప్పి బొగ్గు తూచాలి. మన చేతికి అందేవి మాత్రం విడివిడి కథలు. "నాది 80,000 తిరిగింది, వాల్వులు శుభ్రం" అని డబ్బా ఉన్నవాడు అంటాడు. డబ్బా లేకుండా అంతే తిరిగి అంతే శుభ్రంగా ఉన్న హైవే కారు ఇంకోటి ఉంటుంది. హైవేలో తిరిగే బండికీ, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పాకే బండికీ వాల్వు దగ్గర తేడా డబ్బా తెచ్చే తేడా కంటే ఎక్కువ ఉండొచ్చని నా అనుమానం. పైగా వేలు పోసి డబ్బా కొని పెట్టుకునేవాడు ఆయిల్ కూడా టైముకి మారుస్తాడు. శుభ్రతలో ఎంత పాలు డబ్బాది, ఎంత ఆ శ్రద్ధది? ఈ తూకం వేయకుండా చెప్పే సాక్ష్యాల్ని నేను సాక్ష్యాలుగా తీసుకోను.

డబ్బా లోపల ఏముందన్నది తర్వాతి మాట. ఆయిల్ తుంపరలో పెద్ద బిందువులూ ఉంటాయి, మైక్రానుకి లోపలి సన్నని పొగమంచూ ఉంటుంది. పెద్దవి దేనికి తగిలినా ఆగుతాయి. సన్నవి గాలితో పాటే వంకలు తిరిగి తప్పించుకుపోతాయి. వాటిని పట్టాలంటే దట్టమైన జల్లెడ పొర కావాలి, అందులో చిన్న బిందువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి జారాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి దొరికే మెరిసే అల్యూమినియం డబ్బాల్లో చాలావాటి లోపల ఏమీ ఉండదు. రెండు గొట్టాలు, మధ్యలో ఖాళీ. లోపలికొచ్చిన గాలి పక్క గొట్టంలోంచి హాయిగా వెళ్లిపోతుంది. గోడలూ జాలీలూ ఉన్న మంచి డబ్బా ఖరీదు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల చర్చ సగం పాడైంది.

అసలు కార్ల కంపెనీలు ఏమీ పెట్టకుండా వదిలేశాయనుకోవడం కూడా పొరపాటు. ట్యాపెట్ కవర్లోనో బ్లాకు పక్కనో ఆయిల్ విడదీసే గదులు, సుడిగాలి గొట్టాలు ఉంటాయి. పట్టిన ఆయిల్ తిరిగి కిందికి జారిపోతుంది. పెద్ద లారీల్లో పని ఇంకా ముందుకెళ్లింది. ఆల్ఫా లావల్, హాల్డెక్స్ కంపెనీలు కలిసి తయారుచేసిన ఆల్ఫ్‌డెక్స్ అనే యంత్రం పళ్లేల దొంతరని వేగంగా తిప్పి, పాలలోంచి మీగడ తీసే పద్ధతిలో వాయువులోంచి ఆయిల్ తీస్తుంది. ఎక్కడ అవసరం తేలిందో అక్కడ కంపెనీలే ఖర్చు పెట్టాయి. చిన్న కార్లలో అంత పెట్టలేదు. వారంటీ తీరాక వచ్చే బొగ్గు వాళ్ల ఖాతాలో పడదు కాబట్టి అని క్యాచ్ క్యాన్ పక్షం అంటుంది. ఆ మాటలో కొంత నిజం ఉందనే అనుకుంటాను.

టర్బో ఇంజిన్లో బిగించడంలోనే తిరకాసు ఉంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మ్యానిఫోల్డ్‌లో పీల్పు ఉంటుంది, క్రాంక్‌కేస్ వాయువు అటు వెళ్తుంది. బూస్ట్ ఎక్కగానే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, ఒక చెక్ వాల్వు ఆ దారి మూసి, వాయువుని టర్బోకి ముందున్న గొట్టంలోకి మళ్లిస్తుంది. రెండు దారులకీ డబ్బా లేకపోతే సగం పనే అయినట్టు. చాలామంది ఒక్కవైపే పెట్టించుకుంటారు. టర్బో వైపు ఆపగలిగితే ఇంటర్‌కూలర్లో జిడ్డు పేరుకోవడం తగ్గుతుంది, ఇది ఒప్పుకోవాల్సిన లాభం. ఇన్‌టేక్‌లో ఆయిల్ ఆవిరి తగ్గితే ఆక్టేన్ పడిపోవడం, నాకింగ్ కూడా తగ్గుతాయి. ట్యూనింగ్ చేయించి బూస్ట్ పెంచినవాళ్లకి ఇది లెక్కలోకి వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ముందే అంటుకునే జబ్బుకి కూడా డబ్బా మందని కొందరంటారు. ఆ జబ్బులో మొదటి అనుమానం పిస్టన్ అంచు సందులో ఆయిలూ పెట్రోలూ కలిసి ఎగిరే చుక్కల మీద. అక్కడ డబ్బాకి పని లేదు. 2018లో ఏపీఐ అనే ఆయిల్ ప్రమాణంలో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ఆయిళ్లు వచ్చింది ప్రధానంగా అందుకే. డబ్బాలో పాతిక వేలు పెట్టబోయేవాడు ముందు ఆయిల్ టిన్ను మీద ఎస్‌పీ ఉందో లేదో చూసుకోవడం నయం.

డీజిల్ దగ్గర నా స్వరం మారుతుంది. డీజిల్ మసి ఎక్కువ కక్కుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఈజీఆర్ ఆ మసినే కొంత మళ్లీ లోపలికి పంపుతుంది. పొడి మసి ఒక్కటే అయితే చాలావరకు గాలితో కొట్టుకుపోతుంది. దానికి బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ తుంపర తోడైతే తారులా తయారై మ్యానిఫోల్డ్ గోడలకి అతుక్కుంటుంది. లక్షన్నర, రెండు లక్షలు తిరిగిన డీజిల్ బండి మ్యానిఫోల్డ్ విప్పి చూసినవాళ్లకి ఇది వర్ణించక్కర్లేదు: వేలు దూరే గొట్టంలో పెన్ను దూరదు. ఇక్కడ రెండు సరుకుల్లో ఒకదాన్ని ఆపితే జిగురు తగ్గుతుందన్న తర్కం సూటిగా ఉంది, అడ్డంకులు తక్కువ. ఆస్ట్రేలియాలో ల్యాండ్ క్రూజర్, హైలక్స్, పాట్రోల్ నడిపేవాళ్లు మాన్ ప్లస్ హుమ్మెల్ కంపెనీ ప్రొవెంట్ 200 లాంటివి విరివిగా పెట్టుకుంటారు. దానిలో నిజమైన వడపోత ఉంటుంది, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రక్షణ వాల్వు ఉంటుంది. దానికీ ఒక హద్దు ఉంది. మసి ఆగదు, ఈజీఆర్ దాన్ని తెస్తూనే ఉంటుంది. కాకపోతే తడి తారు బదులు పొడి మసి మిగులుతుంది, దాన్ని శుభ్రం చేయడం సులువు. పాత ఇన్నోవా, స్కార్పియోలని ఇంకో లక్ష నడపాలనుకునేవాళ్లు అడిగితే, మంచి రకం డబ్బా గురించి ఆలోచించమనే అంటాను. అయితే ముందు బ్యాక్ కంప్రెషన్ చూపించాలి. రింగులు పోయిన ఇంజిన్‌కి డబ్బా పెడితే వారానికోసారి అది నిండటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నష్టాల మాట. డబ్బా అంటే దారిలో ఇంకో అడ్డు. లోపలి జాలీ మడ్డితో మూసుకుపోతే, లేదా నిండినా ఎవరూ ఖాళీ చేయకపోతే, వాయువు బయటికి పోలేక క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ముందు వెనక సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. ఇంజిన్ శుభ్రం కోసం పెట్టింది ఇంజిన్ అడుగున మడ్డి పెంచుతుంది. చికాగోలో, మినియాపొలిస్‌లో ఉన్న మనవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది: డబ్బాలో పట్టిన నీరు జనవరి రాత్రి గడ్డకట్టి దారి పూర్తిగా మూసేయగలదు. అక్కడ చలికాలంలో డబ్బాని తరచుగా ఖాళీ చేయాలి, లేదా తీసేయాలి. నాసిరకం గొట్టాలు వేడికి చిట్లితే లెక్కకి రాని గాలి లోపలికి పోయి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఇక వారంటీలో ఉన్న కారుకి పెట్టాక ఇంజిన్ గొడవ వస్తే, సర్వీసు సెంటరువాళ్ల వేలు ముందు ఆ డబ్బా వైపే తిరుగుతుంది.

ఇన్‌టేక్‌కి తిరిగి కలపకుండా చిన్న ఫిల్టరు పెట్టి గాల్లోకి వదిలేసే రకం డబ్బాలు కూడా అమ్ముతున్నారు. రోడ్డు కారుకి అది పెట్టడం 1961కి ముందు రోజులకి వెళ్లడమే. క్రాంక్‌కేస్ వాయువు బయటికి పోకూడదన్నది మన కాలుష్య నియమాల్లోనూ ఉంది. వాహనాన్ని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, దాన్ని గట్టిగా చదవాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అన్నిటికీ మించి, ట్రాఫిక్‌లో ఆ కంపు ఏసీలోంచి కారులోకే వస్తుంది.

డబ్బా కొనేముందు చేయాల్సిన చవక పనులున్నాయి. ఆయిల్ ఆవిరయ్యే గుణాన్ని నోయాక్ పరీక్షతో కొలుస్తారు: 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే బరువులో ఎంత శాతం పోయిందో చూస్తారు. ఏపీఐ ఎస్‌ఎన్ గ్రేడుకి గరిష్ఠ హద్దు 15 శాతం. మంచి సింథటిక్ ఆయిళ్లు దానికి బాగా కింద ఉంటాయి. ఆవిరి తక్కువైతే పీసీవీ దారిలో పోయేదీ తక్కువే, కొత్త గొట్టమేదీ బిగించక్కర్లేదు. సిటీలో చిన్న దూరాలే తిరిగే టర్బో కారుకి మాన్యువల్‌లో రాసిన గడువుకి ముందే ఆయిల్ మార్చడం ఇంకో పని. పీసీవీ వాల్వూ, దాని రబ్బరు పొరా చూపించడం మూడోది. ఆ పొర చిరగడం ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ ఇంజిన్లలో బాగా తెలిసిన జబ్బు. ఐడిలింగ్‌లో ఈల వినిపించి, ఉన్నట్టుండి ఆయిల్ ఎక్కువ తాగడం మొదలుపెడితే ముందు చూడాల్సింది అదే. చిరిగిన పొర ఉన్న ఇంజిన్‌కి క్యాచ్ క్యాన్ పెడితే సీసా చక్కగా నిండుతుంది, యజమాని సంతోషిస్తాడు, జబ్బు లోపలే ఉంటుంది.

ఇంత చేసినా బొగ్గు కడితే తీయడానికి దారి ఉంది. మ్యానిఫోల్డ్ విప్పి, వాల్వు మూసుకున్న స్థితిలో ఉంచి, అక్రోటు చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొడతారు. అది బొగ్గుని రాలుస్తుంది, లోహాన్ని గీకదు. మన పెద్ద నగరాల్లో కొన్ని గ్యారేజీలు ఈ పని చేస్తున్నాయి. లక్ష కిలోమీటర్లకోసారి వచ్చే ఈ ఖర్చునీ, మంచి డబ్బా ధరా బిగింపు కూలీ కలిపిన ఖర్చునీ పక్కపక్కన పెడితే చాలామందికి డబ్బా లాభసాటిగా కనబడదు. డబ్బా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేయించాల్సే రావచ్చు, కాస్త ఆలస్యంగా.

సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోలు కారు కొనబోయేవాళ్లు బానెట్ కింద క్యాచ్ క్యాన్ చూసి ఎక్కువ సంతోషపడనక్కర్లేదు. ఎప్పుడు పెట్టారు, ఎన్నాళ్లకి ఖాళీ చేస్తారు, ఆయిల్ మార్చిన బిల్లులు ఎక్కడ అని అడగాలి. అమ్మేవాడు ఒప్పుకుంటే మెకానిక్‌తో ఇన్‌టేక్‌లోకి బోర్‌స్కోప్ పెట్టించి చూడాలి, చాలా ఇంజిన్లలో దీనికి హెడ్ విప్పే పనిలేదు. ఏదో ఒక సిలిండర్ వాల్వు మెడ తెరమీద కనబడితే చాలు, బేరం అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.